మసాలా నూరాక చేపను వదిలేయమన్నారు! మీ దగ్గర గాలం రూల్సు ఎలా ఉంటాయి?

లంకోడు_లీడ్స్
పోయిన ఆదివారం సంగతి. ఇంకా కడుపు మండుతూనే ఉంది, ఇక్కడ కక్కేస్తా.

ఇంగ్లండు వచ్చి ఏడాదిన్నర. కోనసీమలో మా ఇంటి వెనకే కాలవ. వెదురు కర్ర, జీలుగుబెండు, కొబ్బరిచిప్పలో తడిమట్టి, అందులో నాలుగు వానపాములు. బళ్ళోంచి వచ్చి గట్టు మీద కూచుంటే చీకటి పడేలోపు పులుసుకి సరిపడా పరిగెలూ గొరకలూ పడేవి. ఇక్కడ ఆ యావ మళ్ళీ పుట్టింది. ఆన్‌లైన్లో రాడ్ లైసెన్సు తీసుకున్నా. ఊరి బయట ఓ చెరువుంది, దానికి వేరే డే టికెట్టు. అదీ కొన్నా.

మూడు గంటలు ఈగ కూడా వాలలేదు. నాలుగో గంటలో రీలు కీచుమంది. పావుగంట లాగితే పైకొచ్చింది బంగారుతీగ (కార్ప్ చేప), నాలుగు కేజీల పైమాటే. ఆనందం పట్టలేక ఇంటికి వీడియో కాల్ చేశా. అత్తగారు ఊరినుంచి వచ్చి ఉన్నారు. ఆవిడ చేపను చూడగానే ఫోన్ పెట్టేసి ధనియాలు వేయించడం మొదలెట్టేశారు, చింతపండు నానేశారు.

నేను సంచీ తీస్తున్నా, చెరువు కాపలాయన పరిగెత్తుకొచ్చాడు. చేపను మెత్తటి పరుపు మీద పడుకోబెట్టమన్నాడు. పైన నీళ్ళు పొయ్యమన్నాడు. పెదవి మీద ముల్లు గుచ్చుకున్న చోట చిన్న సీసాలోంచి మందు రాశాడు. "ఇక మెల్లిగా నీళ్ళలోకి దింపు" అన్నాడు. దానికి పేరు కూడా ఉందిట. బ్రెండా.

లైసెన్సుకి డబ్బులు, టికెట్టుకి డబ్బులు, పట్టింది నేను, తినడానికి లేదు. ఇదేం న్యాయమండీ? మిగతా దేశాల్లోనూ ఇంతేనా?

బెండు_మునిగింది
బ్రెండా పులుసు. టైటిల్ బాగుంది అన్నా.

పులసప్రియ
మసాలా సంగతి చెప్పలేదు. అత్తగారు ఏమన్నారు?

లంకోడు_లీడ్స్
@పులసప్రియ ఆ మసాలాలో బంగాళాదుంపలు వేశారు. మూడు రోజులైంది, నాతో సరిగా మాట్లాడట్లేదు. "చేపకి మందు రాసి పంపించాడంట మా అల్లుడు" అని ఊళ్ళో అందరికీ ఫోన్లు.

బర్మింగ్‌హామ్_బాబాయ్
తమ్ముడూ, ఇరవై రెండేళ్ళుగా ఇక్కడున్నా, ఇదే దెబ్బ నేనూ తిన్నా. కాస్త ఓపిగ్గా చదువు.

నువ్వు వెళ్ళింది ప్రైవేటు చెరువు. అందులో చేపలు యజమానివి. ఆయన డబ్బు పోసి కొని వదిలాడు. నీకు అమ్మింది చేపను కాదు, దాన్ని పట్టే సరదాని. యజమాని అనుమతి లేకుండా పట్టుకుపోతే అది దొంగతనం కిందికొస్తుంది. ఆ కాపలాయన పరిగెత్తుకొచ్చి నిన్ను కాపాడాడనుకో. రాడ్ లైసెన్సు లేకుండా దొరికితే జరిమానా 2,500 పౌండ్ల దాకా వేస్తారు, అది తీసుకుని మంచిపని చేశావు.

పేరు పెట్టడం గురించి నవ్వకు. పీటర్‌బరో దగ్గర చెరువులో బెన్సన్ అని ఒక బంగారుతీగ ఉండేది. అరవై పౌండ్ల పైన తూగేది. అరవై సార్లకు పైగా గాలానికి పడింది, ప్రతిసారీ వదిలారు. 2009లో అది చనిపోతే పేపర్లలో వార్తలొచ్చాయి. మన ఊళ్ళో ఎమ్మెల్యే పోయినంత హడావిడి.

నీకు తినాలనే ఉంటే నదికి వెళ్ళు. ఇంగ్లండు నదుల్లో రోజుకి ఇన్ని తీసుకెళ్ళొచ్చని లెక్కుంది. 20 సెంటీమీటర్లు దాటని చిన్న చేపలు 15, 65 సెంటీమీటర్ల లోపు పైక్ అనే చేప ఒకటి, 30 నుంచి 38 మధ్య గ్రేలింగ్ చేపలు రెండు. ఆ నది ఒడ్డు ఏ క్లబ్బుదో చూసుకుని వాళ్ళు ఒప్పుకుంటేనే. ఇప్పుడు మాత్రం వెళ్ళకు. మార్చి 15 నుంచి జూన్ 15 దాకా నదుల్లో మూత. గుడ్లు పెట్టే కాలం. జూన్ 16న తెరుస్తారు. ఆ అర్ధరాత్రి జనం లాంతర్లు పట్టుకుని ఒడ్డున కూచుంటారు, మన దగ్గర ముక్కోటికి ఉత్తర ద్వారం ముందు కూచున్నట్టు.

లంకోడు_లీడ్స్
20 సెంటీమీటర్లంటే జానెడు. అంటే మళ్ళీ పరిగెలే. ఏడు సముద్రాలు దాటొచ్చి మా కాలవకే చేరానన్నమాట.

నూరెంబర్గ్_నరసాపురం
నవ్వాలో ఏడవాలో తెలీట్లేదు. నా కథ దీనికి సరిగ్గా తిరగేసింది.

జర్మనీలో గాలం వెయ్యాలంటే పరీక్ష రాయాలి. నిజంగానే. మా బవేరియాలో ముందు ముప్పై గంటల క్లాసు, తర్వాత 60 ప్రశ్నలు, కనీసం 45 రైటు కావాలి. చేప ఒంట్లో ఏ భాగం ఎక్కడ, ఏ చేపకి మీసాలెన్ని, ఏ నెలలో ఏది పట్టకూడదు, అన్నీ జర్మన్లో. ఇంజనీరింగ్ నాలుగేళ్ళలో కూడా ఇంత బట్టీ కొట్టలేదు.

పాసయ్యా. మొదటిసారి వెళ్ళా. పెద్ద బంగారుతీగే పడింది. అప్పటికే ఇంగ్లండు వాళ్ళ వీడియోలు చూసి చూసి ఉన్నాను కదా, గొప్పగా ఫోటో దిగి ముద్దు పెట్టి నీళ్ళలోకి వదలబోయా. పక్కనున్న పెద్దాయన గట్టిగా అరిచాడు. ఇక్కడ సరదాకి పట్టి వదిలేయడం తప్పు! జంతు సంరక్షణ చట్టం ప్రకారం కారణం లేకుండా జీవిని బాధపెట్టకూడదు. తినడమే అసలు సరైన కారణం. తినని వాడికి గాలం వేసే హక్కు లేదు. సైజు చాలకపోతేనో, మూత కాలంలో పడితేనో మాత్రం వదలాలి. మిగతాది తలమీద కర్రతో ఒక్క దెబ్బ కొట్టి స్పృహ తప్పించి, వెంటనే గుండె దగ్గర కత్తి దించాలి. ఆ పరీక్షలో అదీ ఉంటుంది. బతికున్న చిన్న చేపను ఎరగా గుచ్చడం కూడా నిషేధం.

ఆ రోజు మా ఆవిడకి కార్తీక సోమవారం. ఇంట్లో చేప వండే ప్రసక్తే లేదు. నాలుగు కేజీల చేప పట్టుకుని పక్కింటి తలుపు కొట్టా.

బెండు_మునిగింది
లంకోణ్ణి జర్మనీకీ, నరసాపురాన్ని ఇంగ్లండుకీ ట్రాన్స్‌ఫర్ చేస్తే అత్తగారి సమస్యా, కార్తీకమాసం సమస్యా రెండూ తీరతాయి.

సందేహాలరావు
ఒకే చేప. ఒక దేశంలో చంపితే తప్పు, ఇంకో దేశంలో చంపకపోతే తప్పు. చేపనెవరైనా అడిగారా?

నూరెంబర్గ్_నరసాపురం
@సందేహాలరావు చేపను అడిగితే గాలమే వద్దంటుంది. కానీ నాకు జర్మన్ల వాదనే సబబనిపిస్తుంది. నోట్లో ముల్లు గుచ్చి, లాగి, ఫోటో దిగి, మందు రాసి పంపడం ఏం దయ? తినడానికి పట్టాం, తిన్నాం. మా పక్క ఐష్‌గ్రుండ్ ప్రాంతంలో బంగారుతీగల చెరువులు వరసగా ఉంటాయి. సెప్టెంబర్ నుంచి ఏప్రిల్ దాకా సగం చేపను నిలువునా చీల్చి నూనెలో వేయించి పెడతారు. పసుపూ కారం లేకపోయినా బాగానే ఉంటుంది, నమ్మండి.

బర్మింగ్‌హామ్_బాబాయ్
ఒప్పుకోను. బెన్సన్ని మొదటిసారి పట్టినవాడే తినేసి ఉంటే మిగతా అరవైమందికి ఆ సంతోషం ఉండేదా?

నూరెంబర్గ్_నరసాపురం
బాబాయ్, అదే నేననేది. అరవైసార్లు ముల్లు గుచ్చుకుంది దానికి!

కట్టమీది_కొర్రమట్ట
మీ ఫారిన్ లొల్లి బాగుంది గానీ నేను ఊరు ముచ్చట జెప్త. మాది కరీంనగర్ దిక్కు. కొర్రమట్టకు గాలమేస్తం. చిన్న కప్పను ముల్లుకు గుచ్చి తామరాకుల మీదికెల్లి ఎగురుకుంట ఎగురుకుంట గుంజితే, ఆకుల కింది నుంచి ఒక్కటే దుంకుడు. ఆ సప్పుడు ఇంటె గుండె ఆగుతది. ఇప్పుడు మా పోరగాళ్ళు రబ్బరు కప్పలు కొంటున్నరు ఆన్‌లైన్ల, మూడు వందలు, నాలుగు వందలు పెట్టి. కప్పలు చెరువుల ఫ్రీగ దొరుకుతయిరా అంటె ఇనరు.

వదులుడు అంటున్నరు గద, మాకూ ఉన్నది ఒక పద్ధతి. ఎవ్వలు రాసిపెట్టింది గాదు. కొర్రమట్ట పిల్లలు ఎర్రగ ముద్ద లెక్క నీళ్ళ మీద తిరుగుతుంటయి. కింద తల్లీ తండ్రీ కాపలుంటయి. ఆ టైంల పిల్లల గుంపు మీద గాలమేస్తె తల్లి కోపంతోని కొడ్తది, ఆకలితోని గాదు. దాన్ని పట్టినవనుకో, గంటల మిగిలిన చేపలు పిల్లలన్నిటిని మింగుతయి. మా తాత ఆ పని జేసినోని గాలం ఇరిసి నీళ్ళల్లేసిండు. మన రాష్ట్ర చేప గదనే అది, గింత మర్యాద ఉండాలె.

సంఘం_సభ్యుడు
ఎక్కువ రాసే అలవాటు లేదు. చదివి ఊకుండబుద్ది గాలే.

మాది మత్స్య సహకార సంఘం. చెరువు మీద హక్కు సంఘానిది. పిల్లలు పోసుడు, కావలి కాసుడు, ఎండకాలం నీళ్ళు తగ్గినప్పుడు వలలేసి పట్టుడు, అమ్మినంక పంచుకునుడు. వంద ఇండ్లు బతుకుతున్నయి దాని మీద. ఆదివారం పట్నం నుంచి కార్లేసుకొని వస్తరు. "గాలమే కద అన్నా, వల కాదు గద" అంటరు. పది మంది పది చేపలు పడ్తే ఎన్ని? బొచ్చెలు కిలోన్నర అయినయి అప్పటికి. అడిగితే "చెరువు నీ అబ్బదా" అన్నడు ఒకాయన. అదే మనిషి లండన్ల టికెట్టు కొని లైన్ల నిలబడ్తడు.

మేం రావద్దంటలేం. వచ్చి అడగండి. మావోడొకడు పక్కన కూసుంటడు. చిన్నయి వదలండి, పెద్దది పడ్తే తూకమేసి పైసలిచ్చి తీస్కపోండి.

కట్టమీది_కొర్రమట్ట
@సంఘం_సభ్యుడు నూటికి నూరు పాళ్ళు. మా చెరువుల గట్లనే నడుస్తది.

లంకోడు_లీడ్స్
@సంఘం_సభ్యుడు అన్నా, చెంప మీద కొట్టినట్టుంది. సెలవుల్లో వెళ్ళినప్పుడు హైదరాబాదు చుట్టుపక్కల నేనూ అడక్కుండానే వేశాను. బ్రెండా యజమాని మీద కోపం సగం తగ్గింది.

యారాడరాళ్ళు
ఏటి గురూ, అందరూ చెరువులూ కాలవలేనా. సముద్రం ఊసే లేదు. మాది విశాఖ.

మా నాన్నగారి కాలంలో తెప్ప మీద వెళ్ళి దారంతో పట్టేవోరు. రాడ్డూ లేదు రీలూ లేదు. చేతికి గుడ్డ చుట్టుకుని, కొక్కేనికి మెరిసే దారప్పోగులు కట్టి నీళ్ళలో లాక్కెళ్తే కోనాలు, సూరలు పడేవి. మీ లూర్లు అంటారే, అవే. కంపెనీ డబ్బాలో పెడితే వెయ్యి రూపాయలు.

నేను రాళ్ళ మీంచి వేస్తాను. పారలు పడతాయి, ఒక్కోసారి సావిడాయి. ఒకటి చెప్పాలి, జాగ్రత్తగా వినండి. మొన్న శీతాకాలంలో సముద్రం అద్దంలా ఉంది. పది నిమిషాలు చూశాను, అల మోకాలికి కూడా రాలేదు. కింద రాయి మీదకి దిగాను. వెనక్కి తిరిగి లూరు మారుస్తున్నాను, అంతే. ఎక్కడినుంచొచ్చిందో గానీ ఒక్క అల నడుం మీద కొట్టింది. రాడ్డు పోయింది, ఫోన్ పోయింది, మోకాలికి తొమ్మిది కుట్లు. నాచు పట్టిన రాయి సబ్బు కంటే జారుతుంది. ఇప్పుడు ఇరవై నిమిషాలు పైనే కూచుని చూస్తాను. పెద్ద అలలు గుంపుగా వస్తాయి, మధ్యలో చాలాసేపు ఏమీ ఉండదు. ఆ ఏమీ లేనప్పుడే మనం దిగుతాం. సముద్రానికి వీపు పెట్టకండి. ఒంటరిగా వెళ్ళకండి.

ఇంకోటి. బాబాయ్ చెప్పిన మూత కాలం చూసి నవ్వొచ్చింది. మా దగ్గర మోటారు పడవలకి వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. ఇంగ్లండు నదులు జూన్ 15 దాకా. గట్టు మీద గాలానికి మాకు ఆ నిషేధం వర్తించదు గానీ, చూడండి, ఒక్క రోజే తేడా.

బర్మింగ్‌హామ్_బాబాయ్
@యారాడరాళ్ళు ఈ సంగతి నాకు తట్టనేలేదు! ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా.

పులసప్రియ
మధ్యలో మృగశిర కార్తె వస్తుందిగా. చేప తినాల్సిన రోజు ఇద్దరికీ చేప లేదు.

డల్లాస్_డింగరి
అందరూ చట్టాల గురించి మాట్లాడుతున్నారు కాబట్టి నా జరిమానా కథ.

టెక్సస్‌లో ఒక జులైలో లైసెన్సు కొన్నా. ఏడాది లైసెన్సు అన్నాడు, ఏడాది అనుకున్నా. సెప్టెంబర్ రెండో వారంలో రాత్రిపూట కోడి లివర్ ఎరగా పెట్టి క్యాట్‌ఫిష్ కోసం కూచున్నా (మన జెల్లకి అన్నగారు). వార్డెన్ వచ్చాడు, బాగా మాట్లాడాడు, ఎన్ని పడ్డాయి అన్నాడు, లైసెన్సు చూపించు అన్నాడు. చూపించా. "ఇది ఆగస్టు 31తో అయిపోయింది సార్" అన్నాడు. మామూలు లైసెన్సు ఎప్పుడు కొన్నా ఆగస్టు 31కి చచ్చిపోతుంది. జులైలో కొన్నవాడు వెర్రివాడు. కొన్న రోజు నుంచి ఏడాది నడిచేది వేరే ఉందని అప్పుడే తెలిసింది.

కొత్తగా వచ్చిన పిల్లలకి చెప్పేది ఒకటే. ముందు స్టేట్ పార్కుకి వెళ్ళండి. టెక్సస్ స్టేట్ పార్కుల్లో గట్టు మీంచి వేస్తే లైసెన్సు అక్కర్లేదు. సైజుల లెక్క మాత్రం అక్కడా ఉంటుంది. బాస్ చేప అయితే మామూలుగా 14 అంగుళాలు ఉండాలి. సముద్రం వైపు రెడ్‌ఫిష్ 20కి తక్కువైనా వదలాలి, 28 దాటినా మామూలుగా వదలాలి.

సందేహాలరావు
చిన్నది వదలడం అర్థమైంది. పెద్దది ఎందుకు వదలాలి? దేవుడిచ్చిందే పెద్దది కదా.

డార్విన్_అక్క
దీనికి నేను చెప్తాను. ఈ థ్రెడ్డులో గాలం పట్టే ఆడదాన్ని నేనొక్కదాన్నే ఉన్నట్టున్నాను.

ఆస్ట్రేలియా ఉత్తరాన డార్విన్‌లో ఉంటున్నాం. ఇక్కడ బర్రముండి అంటే పిచ్చి జనానికి. మొదటిసారి మా ఆయన స్నేహితుడు పట్టి చూపిస్తే "ఇది మన పండుగప్ప కదా!" అన్నా. అదే. కైకలూరు దగ్గర మా మామయ్య చెరువులో పెంచే పండుగప్పే, ఇక్కడ పడవలేసుకుని వెతుక్కుంటూ వెళ్తారు.

ఇక ప్రశ్నకి జవాబు. పండుగప్ప ముందు మగదిగానే పెరుగుతుంది. కొన్నేళ్ళకి, బాగా పెద్దయ్యాక ఆడదవుతుంది. అంటే చెయ్యంత చేపలన్నీ మగవి, మీటరు చేపలన్నీ దాదాపు తల్లులు. పెద్దదాన్ని వండుకున్నావంటే లక్షల గుడ్లు వండుకున్నట్టే. ఇక్కడ నార్తర్న్ టెరిటరీలో 55 సెంటీమీటర్ల లోపు తీయకూడదు. పక్కన క్వీన్స్‌లాండ్‌లో 58 కింద ఉన్నా వద్దు, 120 దాటినా వద్దు. మా ఇంట్లో మాత్రం రూలుతో సంబంధం లేకుండా ఎనభై దాటితే వదిలేస్తాం. రుచి కూడా అరవై, డెబ్బై మధ్యలోనే బాగుంటుంది, పెద్దదాని కండ పీచుగా ఉంటుంది.

ఇక్కడ మాకు లైసెన్సు లేదు. దాని బదులు మొసళ్ళున్నాయి. నీళ్ళకి కనీసం ఐదు మీటర్ల దూరంలో నిలబడమంటారు. పడ్డ చేపను ఎత్తడానికి అంచుకి వంగామా, మనమే ఎర.

బెండు_మునిగింది
అక్కా, పది లక్షల డాలర్ల చేప అంటారే, అది మీ ఊరే కదా?

డార్విన్_అక్క
అవును. 2015 నుంచి ప్రతి ఏడాదీ పండుగప్పలకి ట్యాగులు గుచ్చి నదుల్లో వదులుతారు. చాలా ట్యాగులకి పదివేల డాలర్లు, కొన్నిటికి పది లక్షలు. ఆ పది లక్షల చేప ఏళ్ళ తరబడి ఎవరికీ పడలేదు, 2024 డిసెంబర్లో ఒక కుర్రాడికి పడింది. మా ఆయన అప్పటినుంచి ఆదివారాలు ఇంట్లో ఉండట్లేదు. పోయిన సీజన్లో పట్టింది ఒక టోపీ, రెండు జెల్లలు.

హ్యూస్టన్_హుక్కు
వదిలేద్దాం వదిలేద్దాం అంటున్నారు, వదిలితే బతుకుతుందా అని ఎవరూ అడగలేదు.

గాల్వెస్టన్ నుంచి పడవ మీద రెడ్ స్నాపర్‌కి వెళ్తాం. వందా నూట యాభై అడుగుల లోతు. అంత లోతునుంచి గబగబా పైకి లాగితే లోపలి గాలితిత్తి ఉబ్బిపోతుంది. కళ్ళు బయటికొస్తాయి, పొట్ట నోట్లోంచి వస్తుంది. దాన్ని నీళ్ళలోకి విసిరితే బెండులా తేలుతుంది, కిందికి దిగలేదు. ఎండకో, కొంగకో, డాల్ఫిన్‌కో పోతుంది. అందుకే మెక్సికో గల్ఫ్‌లో కేంద్ర ప్రభుత్వ హద్దులోని నీళ్ళలో ఇలాంటి రీఫ్ చేపలకి వెళ్ళే పడవలో వాటిని దింపే పరికరమో, గాలి తీసే సూదో చేతికందేలా ఉండాలని చట్టం చేశారు, 2022 జనవరిలో అమల్లోకి వచ్చింది. దవడకి క్లిప్పు పెట్టి బరువుతో అడుగుకి దింపితే అక్కడ ఒత్తిడికి అది మళ్ళీ మామూలవుతుంది. నా చేతులతో దింపాను, ఈదుకుంటూ పోయింది.

కాబట్టి బ్రెండా బతకడం వేరు. చెరువులో నాలుగడుగుల లోతు, బంగారుతీగ మొండిది. సముద్రపు చేప సంగతి వేరు. అన్నిటికీ ఒకే సూత్రం పనికిరాదు.

నూరెంబర్గ్_నరసాపురం
@హ్యూస్టన్_హుక్కు ఇదొక్కటి మా పరీక్షలో ఉండాల్సింది.

గోదారిగట్టు
చాలా రోజుల్నుంచి ఒక అనుమానమండి. పులసని గాలంతో పట్టినవాళ్ళున్నారా? మా ధవళేశ్వరంలో అంతా వలలే. మావాడొకడు అమెరికానుంచి వచ్చి, రెండు లక్షల సామాను దింపి, నాలుగు రోజులు గోదాట్లో విసిరాడు. జెల్ల కూడా పళ్ళేదు.

పులసప్రియ
మీవాడికి చెప్పండి, పులస నోటికి పళ్ళే లేవు. నీళ్ళలో తేలే కంటికానని నాచూ, పురుగూ మొప్పల్లో వడగట్టుకుని తింటుంది. వానపాము ఎదురుగా వేలాడదీసినా దానికేం పని? సముద్రంలో ఉన్నప్పుడు విలస, వరదనీళ్ళకి ఎదురీది గోదాట్లోకొచ్చి పులస. ఆనకట్ట దాకా వచ్చి ఆగిపోతుంది పాపం. పుస్తెలమ్మాల్సిందే, గాలం కుదరదు.

న్యూజెర్సీ_నాటుకోడి
కొంచెం ఆగండి. పులసకి ఇక్కడొక చుట్టం ఉంది, అది గాలానికి పడుతుంది!

అమెరికన్ షాడ్. అదే రూపం, అదే వెండి పొలుసు, అవే లెక్కలేనన్ని ముళ్ళు. అదీ సముద్రంలో పెరిగి గుడ్లకోసం నదిలోకే వస్తుంది. వసంతంలో, ఏప్రిల్ మే నెలల్లో డెలావేర్ నదిలోకి వస్తుంది. ఆ ప్రయాణంలో పెద్దగా తినదంటారు. అయినా షాడ్ డార్ట్ అని రంగు పూసిన చిన్న సీసపు ముల్లు ప్రవాహంలో ముఖం ముందు ఆడిస్తే కొరుకుతుంది. చిరాకుతోనో, అలవాటుతోనో. లాంబర్ట్‌విల్‌లో దానికోసం పండగ కూడా చేస్తారు. డెలావేర్ ప్రధాన ప్రవాహం మీద ఎక్కడా ఆనకట్ట లేదు, అందుకే న్యూయార్క్ రాష్ట్రం దాకా ఎక్కుతుంది.

మా ఆవిడ రాజమండ్రి. మట్టికుండలో, బెండకాయలు వేసి, ఆవకాయ నూనె ఒక గరిటె పోసి వండింది. ఒక్క రాత్రి ఉంచి మర్నాడు తిన్నాం. పులస అని చెప్పను. పులసని తల్చుకుని ఏడవక్కర్లేదు అంటాను.

గోదారిగట్టు
ఆనకట్ట లేదంటున్నారా. మా పులసలు ఈ మాట వింటే వీసా అడుగుతాయండి.

పీయోరియా_పరిగె
వడగట్టుకుని తినే చేపలంటే గుర్తొచ్చింది. ఇల్లినాయ్ నదిలో మన వెండిచేప (సిల్వర్ కార్ప్) దాడి చేసింది. మోటారు చప్పుడుకి బెదిరి వందలకొద్దీ గాల్లోకి ఎగురుతాయి. పడవలో కూచుంటే వచ్చి ఒళ్ళో పడతాయి. నాకు దవడ మీద తగిలింది, రెండు రోజులు నమల్లేకపోయా. గాలం అక్కర్లేదు, హెల్మెట్టు కావాలి.

ఇవి ఇక్కడి నది చేపల తిండంతా తినేస్తున్నాయని ఎన్నైనా పట్టుకోమంటారు. అమెరికన్లు ముళ్ళని తినరు. తినిపించాలని 2022లో 'కోపీ' అని కొత్త పేరు కూడా పెట్టారు. నేను శనివారం వెళ్ళి నాలుగు తెచ్చి పులుసు పెట్టి పంచితే మన అపార్ట్‌మెంట్ జనం క్యూ. లంకోడు గారూ, అత్తగారిని ఇటు పంపండి.

కువైట్_కోనాం
మేం క్రీకు దగ్గర శుక్రవారం పొద్దున్నే వేసుకుంటాం. తొమ్మిది దాటితే ఎండకి రాడ్డు పట్టుకోలేం. ఇక్కడి రూల్సు ఏటా మారుతుంటాయి, వెళ్ళేముందు కనుక్కోవడం మేలు. హమూర్ ఒకటి పడితే రూములో ఎనిమిది మందికీ పండగే. వదలడమనే ప్రశ్నే రాలేదు మాకు.

సింగపూర్_సీతాకోకచిలుక
మాకు రిజర్వాయర్లలో గుర్తుపెట్టిన చోటే వెయ్యాలి. అదీ ప్లాస్టిక్ ఎరే, వానపాము కుదరదు. బతికిన ఎర కావాలంటే బెడోక్ జెట్టీకి వెళ్ళాలి. రాత్రి రెండింటికి అక్కడ మన చిత్తూరు కుర్రాళ్ళు నలుగురు పరిచయమయ్యారు. చేప పళ్ళేదు, పెళ్ళి సంబంధం మాత్రం కుదిరింది.

బెండు_మునిగింది
@సింగపూర్_సీతాకోకచిలుక దీని మీద వేరే థ్రెడ్డు పెట్టండి. వెంటనే.

శాకాహారి_సాక్షి
మొత్తం చదివాను. నాకు పప్పుచారు చాలు.

లంకోడు_లీడ్స్
నెల తర్వాత వస్తున్నా. జూన్ 16 ఆదరాబాదరాగా రానే వచ్చింది.

బాబాయ్ చెప్పినట్టే నది ఒడ్డు ఎవరిదో కనుక్కున్నా. ఓ చిన్న క్లబ్బు. ఫోన్ చేసి అడిగా, చిన్న చేపలు తీసుకెళ్తే మీకు అభ్యంతరమా అని. ఆయన కాసేపు మాట్లాడలేదు. ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదట. "నువ్వు వాటిని తింటావా?" అని మూడుసార్లు అడిగాడు. చివరికి సరే అన్నాడు, తనూ వస్తానన్నాడు. మన సంఘం_సభ్యుడు అన్నట్టే పక్కన ఒకాయన.

అత్తగారిని తీసుకెళ్ళా. ఆవిడ రాడ్డు ముట్టుకోలేదు. ఆయన బుట్టలో నెమలి ఈక కాడతో చేసిన బెండుంది. అది చూసి "మా నాన్న ఇదే వాడేవాడు" అని చేతిలోకి తీసుకున్నారు. ఇక ఇవ్వలేదు. ఆయనకి తెలుగు రాదు, ఈవిడకి ఇంగ్లీషు రాదు. రెండు గంటలు ఇద్దరూ ఆ బెండు వైపే చూస్తూ కూచున్నారు.

రోచ్ అనే చిన్న చేపలు పదకొండు పడ్డాయి. స్కేలు పెట్టి కొలిచి, జానెడు దాటిన రెండు వదిలేశాం. తొమ్మిది ఇంటికి. పసుపు, కారం, ఉప్పు, కాస్త బియ్యప్పిండి, ముళ్ళు కరకరలాడేదాకా వేపుడు. క్లబ్బాయనకి డబ్బాలో పెట్టి పంపారు అత్తగారు. మర్నాడు ఫోన్ చేసి, ఇంకా ఎన్ని రోజులుంటారు ఆవిడ అని అడిగాడు.

పులసప్రియ
మాటలు మొదలయ్యాయా మరి?

లంకోడు_లీడ్స్
మొదలయ్యాయి. "వచ్చే ఆదివారం ఆ బ్రెండాని ఒకసారి చూపించు" అంటున్నారు.

కట్టమీది_కొర్రమట్ట
అవ్వకు దండం. రోచ్‌లకు ఎర ఏం పెట్టినవ్ తమ్మీ?

లంకోడు_లీడ్స్
క్లబ్బాయన తెల్ల పురుగులు తెచ్చాడన్నా. అత్తగారు మాత్రం మధ్యాహ్నం మిగిలిన అన్నంలో ఇంగువ కలిపి ముద్ద చేసిచ్చారు. పదకొండులో ఏడు దానికే పడ్డాయి.

బర్మింగ్‌హామ్_బాబాయ్
ఇంగువ ఏ బ్రాండు?